హాలీ, కల్దారు, డాలరు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు నిజాము పాలనలో నున్నప్పుడు మన పెద్దలు రెండు రూపాయలను ఎరిగియుండిరి. ఒకటి సంస్థానపు హాలీ సిక్కా. రెండవది బ్రిటిషు ఇండియా రూపాయి, దానినే కల్దారు అనెడివారు. 100 కల్దారులకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు సరి. అనగా ఆరింటికి ఏడు. ఈ లెక్క తెలియక సరిహద్దు దాటి సరుకు అమ్మినవాడు నష్టపడెడివాడు.

1931 సెప్టెంబరులో బ్రిటను, పౌనుకు బంగారముతో గల ముడిని విప్పివేసినది. పౌనుతో ముడిపడిన రూపాయి దానితోపాటు దిగినది. రూపాయితో ముడిపడిన హాలీయు దిగినది. లండనులో జరిగిన నిర్ణయము మానుకోట అంగడికి చేరిన దారి యిది.

హాలీ 1950 దశకములో చెలామణి నుండి తొలగినది. కాని దేశముల నాణెములకు పరస్పర సంబంధము తొలగలేదు. 1997 జూలై 2న థాయిలాండు తన బాతును డాలరుతో కట్టియుంచలేక వదలివేసినది. పిదప ఫిలిప్పీన్సు, మలేషియా, ఇండొనేషియా నాణెములు పడినవి. డాలరుకు సుమారు 2,400 ఉండిన ఇండొనేషియా రూపియా 1998 జనవరిలో 10,000 దాటినది. దీనికి ముఖ్య కారణములు రెండు. ఒకే సరుకు అమ్ము పొరుగువాడు ధర తగ్గించినచో మనమును తగ్గింపక తప్పదు. ఒక ఊరిలో బాకీ మునిగిన షావుకారు పొరుగూరి బాకీలను గూడ తొందరగా రాబట్టజూచును. మన రూపాయియు డాలరుకు సుమారు 36 నుండి 1998 మధ్య నాటికి 42కు దిగినది. ఆ జనవరిలో రిజర్వు బ్యాంకు తన బ్యాంకు రేటును 9 నుండి 11 శాతమునకు పెంచవలసి వచ్చినది.

మన మిరప థాయిలాండు, మలేషియాలకు పోవును. అచటి నాణెము పడినచో కొనువానికి మన సరుకు ప్రియమై బేరము తగ్గును. ఆ ప్రాంతపు పామాయిలు చౌకగా దిగినచో వేరుసెనగ రైతునకు ధర తగ్గును. మన రూపాయియే పడినచో ఎగుమతి పంటకు కొంత మేలు కలిగినను, పరదేశము నుండి వచ్చు పొటాషు ఎరువు ప్రియమగును.

కావున ధర పడినదన్న వార్త విన్ననాడే రైతులు బెదరి పంటనంతను తెగనమ్మకుండ చూడుడు. గ్రామసభలో మార్కెట్టు యార్డు ధరలను చదివి వినిపింపుడు. గిడ్డంగి రసీదుపై ఋణము దొరకునేమో సహకార సంఘమును, బ్యాంకును విచారింపుడు. వడ్డీని లెక్కించిన పిమ్మటనే సరుకు నిలువ చేయుట తగును. ఊరంతయు ఒకే పంటపై ఆధారపడకుండ విత్తులకు ముందే చర్చింపుడు. ఈ పని పంచాయతీకి సాధ్యమైనది, తప్పక చేయదగినది.