ప్లాటు కొనే ముందు పైనుంచి చూడండి



మనం రూపాయి రూపాయి కూడబెడతాం. చీటీలు కడతాం. మెడలోది తాకట్టు పెడతాం. ఎందుకు? పట్నంలో ఒక చిన్న ప్లాటు కొనాలని. మనదంటూ ఒక ఇల్లు ఉండాలని.

కొనే ముందు కాగితాలు చూస్తాం. హద్దురాళ్ళు చూస్తాం. కానీ ఒక్క మాట అడగడం మరిచిపోతాం. "ఇరవై ఏళ్ళ కిందట ఈ నేల ఏమిటి?" చేనా? గుట్టా? చెరువా? దీనికి జవాబు చెప్పే సాక్షి ఒకటుంది. అది ఆకాశంలో ఉంది. దాని పేరు ఉపగ్రహం.

1988 మార్చి 17న మన దేశపు ఉపగ్రహం ఒకటి పైకి వెళ్ళింది. పేరు ఐ.ఆర్.ఎస్.-1ఎ. అది సుమారు 900 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ తిరిగింది. 22 రోజులకొకసారి అదే చోటి మీదికి మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా నేల బొమ్మలు తీసి పంపేది. తరువాత ఇంకా మంచివి వచ్చాయి. 2005లో శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 వెళ్ళింది. దాని బొమ్మల్లో వీధులు, ఇళ్ళు విడివిడిగా కనిపించాయి. ఇలాంటి బొమ్మలు అందుకునే కేంద్రం మన హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లో ఉంది.

ఈ బొమ్మల్లో కొన్నిటి రంగులు వింతగా ఉంటాయి. పచ్చని వరిచేను ఎర్రగా కనిపిస్తుంది! ఎందుకంటే, మన కంటికి కనిపించని వెలుగు కూడా ఒకటి ఉంది. పచ్చని ఆకు ఆ వెలుగును బాగా వెనక్కి కొడుతుంది. ఉపగ్రహం దాన్ని పట్టుకుంటుంది. బొమ్మలో దానికి ఎరుపు రంగు వేస్తారు. నీళ్ళు ఆ వెలుగును మింగేస్తాయి. అందుకే చెరువు నల్లగా ఉంటుంది. ఇళ్ళు, రోడ్లు బూడిద రంగులో ఉంటాయి.

ఒకే చోటివి రెండు బొమ్మలు తీసుకోండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు ఎక్కడ తగ్గిందో, బూడిద రంగు ఎక్కడ పెరిగిందో తెలిసిపోతుంది. హైదరాబాదులో మాదాపూర్ ఒకప్పుడు రాళ్ళు, గుట్టలు ఉన్న చోటు. 1998లో అక్కడ సైబర్ టవర్స్ తెరిచారు. తరువాత చుట్టూ ఊరే లేచింది. ఏ ఏడు ఎంత పెరిగిందో బొమ్మలు చెబుతాయి.

అయితే ఈ సాక్షి కూడా ఒక్కోసారి తడబడుతుంది. వానాకాలం మబ్బులు అడ్డం వస్తాయి. ఎండాకాలంలో చెరువు ఎండి మామూలు నేలలా కనిపిస్తుంది. చెరువు నిండా గుర్రపుడెక్క పెరిగితే బొమ్మలో చేనులా ఎర్రగా ఉంటుంది! అందుకే ఒక్క బొమ్మ చూసి తేల్చకూడదు. నాలుగైదు ఏళ్ళవి చూడాలి. వానలు పోయిన తరువాత తీసినవి చూడాలి. ఆ చోటికి పోయి ముసలివాళ్ళను కూడా అడగాలి.

చెరువు సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నాను? మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్ళు పోతాయి. మధ్యలో ఇళ్ళు కడితే ఆ నీళ్ళు ఎటు పోవాలి? ఇళ్ళలోకే వస్తాయి. 2000 ఆగస్టులో హైదరాబాదులో పెద్ద వాన పడింది. 2020 అక్టోబరులో మళ్ళీ పడింది. చెరువుల పక్కన, నాలాల పక్కన ఉన్న కాలనీలు మునిగాయి. కొన్నిచోట్ల రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. బియ్యం తడిసింది. పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు తడిశాయి. మురుగు కడగవలసింది ఎవరు? మనమే.

ఇంకో మాట. ఉపగ్రహం నేలను చూస్తుంది గానీ పట్టాను చూడదు. ఆ భూమి ఎవరిదో రెవెన్యూ రికార్డులోనే చూడాలి. చెరువు నీళ్ళు నిలిచే భూమిని శిఖం అంటారు. కొన్నిచోట్ల శిఖం భూమికి కూడా పట్టా ఉంటుంది. నీళ్ళు తగ్గినప్పుడు అక్కడ సాగు చేసుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టకూడదు. "పట్టా ఉంది కదమ్మా" అని అమ్మేవాడు అంటే వెంటనే నమ్మకండి. "అది శిఖం పట్టానా?" అని అడగండి.

మరి ఏం చేయాలి? సర్వే నంబరు రాసి తెచ్చుకోండి. ఊరి నక్షాలో ఆ నంబరు ఎక్కడుందో తహసీల్దారు ఆఫీసులో అడగండి. చెరువు నిండితే నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఒక గీత గీస్తారు. దాన్ని ఎఫ్.టి.ఎల్. అంటారు. ప్లాటు ఆ గీత లోపల ఉందా, బయట ఉందా అడగండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరవమనండి. అందులో పాత సంవత్సరాల బొమ్మలు కూడా ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు. ప్రభుత్వం వాళ్ళ భువన్ కూడా ఉంది. ఒక్కరే పోవద్దు. సంఘంలో నలుగురు కలిసి పోండి. నలుగురు అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

మనం అక్షరాలు నేర్చుకున్నాం. వేలిముద్ర మానేసి సంతకం పెడుతున్నాం. సంతకం పెట్టే ముందు అడగడం కూడా నేర్చుకుందాం.