ఏరియల్ స్తంభము – గాలి వణుకు



తమిళమున ఉప్పళమనగా ఉప్పుమడి. పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణమున, సముద్రమునకు చేరువనున్న ఈ పేటకు ఆ పేరు తగియున్నది. ఇచ్చటి గాలిలో ఉప్పు కలదు. ఆ గాలికి విశ్రాంతి లేదు. ఇట్టి చోట రేడియో ఏరియల్ కొరకు సరుగుడు వాసము నిలిపినవారు తుపానుకు మాత్రమే వెరతురు. కాని ఆ వాసమునకు తొలి శత్రువు తుపాను కాదు. మధ్యాహ్నము మొదలు వీచు పిల్లగాలి.

గుండ్రని కొయ్యను దాటిపోవు గాలి దాని వెనుక కుడిప్రక్క నొకటి, ఎడమప్రక్క నొకటిగా సుడులను విడుచును. ఒక్కొక్క సుడి విడిపోవునప్పుడు కొయ్య ప్రక్కకు లాగబడును. ఈ లెక్కను 1878లో స్ట్రౌహాల్ కనుగొనగా, సుడుల వరుసను 1911లో కార్మన్ వివరించెను. గాలి వేగమును స్తంభపు మందముచే భాగించి, అందు అయిదవ వంతు గైకొన్నచో సెకనుకు ఎన్ని ఊపులో తెలియును. 10 సెంటీమీటర్ల మందముగల వాసముపై సెకనుకు 3 మీటర్ల గాలి, అనగా గంటకు 11 కిలోమీటర్ల గాలి వీచినచో ఊపులు 6. అయిదేసి మీటర్లకు స్టే తీగలతో బిగించిన సరుగుడు వాసపు సహజమైన ఊపును ఇంచుమించు అంతయే. అదను చూచి చిన్నపిల్ల తోసినను ఊయల పైకి లేచును గదా! అటులనే పిల్లగాలి బలమైన కొయ్యను వణికించును.

ఆ వణుకు కంటికి ఆనదు. కాని ముడి వదులగును, మేకు సడలును, త్రుప్పుపట్టిన స్టే తీగ పోగుపోగుగా తెగును, నేలమట్టమున చెమ్మకు చివికిన కొయ్య పగులును. అటుపై తుపాను వచ్చును. గాలి వేగము రెట్టింపైన దాని త్రోపుడు నాలుగింతలగును. 2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరుల నడుమ తీరము దాటినప్పుడు గాలి గంటకు 120 కిలోమీటర్లకు మించి వీచెను. ఆ పిల్లగాలితో పోల్చిన, త్రోపుడు నూరు రెట్లకు మించినది. అంతకుముందే సడలిన స్తంభము దానికి నిలువజాలదు. విద్యుత్తు, టెలిఫోను ఆగి, రేడియో వార్త మిక్కిలి అవసరమైన గడియలోనే ఏరియల్ నేలకూలును.

ఇందుకు కొయ్యను నిందింప పనిలేదు. నాడు జర్మనీలో, నేడు పోలండులోనున్న గ్లివిచె పట్టణమున 1935లో లార్చి కొయ్యతో కట్టిన రేడియో గోపురము, 110 మీటర్లకు మించిన ఎత్తుతో నేటికిని నిలిచియున్నది. దాని కొయ్యలను కలిపినవి ఇనుప మేకులు కావు, ఇత్తడి బోల్టులు.

వణుకునకు ఉపాయములు సులభములే. స్టే తీగలను సమాన దూరమున గాక హెచ్చుతగ్గులుగా కట్టవలెను. వాసపు పైభాగమున వ్రేలెడు మందపు తాడును మెలికగా చుట్టినచో సుడులు ఒక్క తాళమున పుట్టవు. ఏరియల్ తీగను కొనకు బిగింపక, కప్పీపై నడిపి చివర బరువు వ్రేలాడదీయవలెను. మొదలు లావుగా, కొన సన్నముగా ఉన్న వాసము అన్నివిధముల మేలు.

1996 నవంబరు 6 నాటి తుపాను నెరిగిన యానాము కుటుంబములకు వార్త విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అక్టోబరు రాకమునుపే స్తంభమును చేతితో తాకి చూడుడు. మొదలు త్రవ్వి చూడుడు. త్రుప్పు తీగ మార్పుడు. ఆ పని గంటసేపటిది.