పదములు లేని పాట

ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు ప్రబంధములు చెప్పినవాఁడు పాశ్చాత్యుల రాక్ సంగీతమును గూర్చి ప్రసంగింప వచ్చినాఁడేమని మీరు ఆశ్చర్యపడవచ్చును. మా మనుమఁడు పట్టుపట్టి వినిపించిన యొక రికార్డు నాచేత నొక తప్పును ఒప్పుకొనఁజేసినది. దానినే నేఁడు మనవి చేయుదును.

ఆ రికార్డు పేరు ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’, అనఁగా చంద్రుని చీఁకటి పార్శ్వము. ఇంగ్లండుదేశపు పింక్ ఫ్లాయిడ్ అను నలువురి బృందము దీనిని లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో సిద్ధపఱచి 1973 మార్చిలో వెలువరించినది. కాలము, ధనము, మృత్యువు, చిత్తభ్రాంతి ఇందలి విషయములు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగియును. ధనమును గూర్చిన పాటలో నాణెముల గలగలయే తాళము వేయును. ఆ ఏడక్షరముల నడక వినఁగానే మన మిశ్రచాపు జ్ఞప్తికి వచ్చి నా చేయి తొడపై ఆడినది! అమెరికాలో ఆ కాలమున అమ్మకములను బట్టి కట్టుచుండిన బిల్‌బోర్డు పట్టికలో ఈ రికార్డు 1988 నాఁటికి మొత్తము 700 వారములకు మించి నిలిచినది. లోకమంతట నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవని అంచనా.

ఇందు మృత్యువును గూర్చిన గీతము ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’. రిచర్డ్ రైట్ పియానోపై స్వరములు కూర్చెను, సాహిత్యము లేదు. 1973 జనవరిలో క్లేర్ టోరీ అను యువగాయనిని పిలిపించిరి. మాటలు వలదనిరి. ఆమె తన గొంతునే వాద్యముగా భావించి, మనవారు రాగాలాపన చేసినట్లు, అప్పటికప్పుడు కల్పించి పాడినది. ప్రతిఫలము 30 పౌండ్లు. రికార్డుపై గాయనిగా ఆమె పేరున్నది గాని, కర్తగా రైట్ పేరొక్కటే. 2004లో ఆమె న్యాయస్థానము నాశ్రయించినది. 2005లో రాజీ కుదిరి, ఆమెకును కర్తృత్వము లభించినది. పునాది ఆయనదే, మేడ ఆమెది. ఇరువురి పేర్లును ఉండుటయే ధర్మము.

ఈ కథ తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా యౌవనమున ఒక సభలో మనుచరిత్రమందలి యొక పద్యమునకు క్రొత్త అన్వయము చెప్పి శాలువ కప్పించుకొంటిని. పిదప దానిని వ్యాసముగా అచ్చు వేయించితిని. ఆ అన్వయము నాది కాదు. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండెడి పిల్లవాఁడు, పద్యము చదువుచు చదువుచు, తటాలున చెప్పినది. ‘పద్యము నేర్పినవాఁడను నేనే కదా’ యని నన్ను నేను సమాధానపఱచుకొంటిని. ఆ పియానో వాయించినవాని వాదమే నాదియు!

గతమాసమున వాని చిరునామా సంపాదించి జాబు వ్రాసితిని. ఆ వ్యాసము మరల అచ్చు కాఁబోవుచున్నది. ఆ పద్యము క్రింద వాని పేరుండును. ‘మాస్టారూ, అట్టిది నేను చెప్పినట్లు నాకు జ్ఞాపకమే లేదండీ’ అని వాఁడు బదులు వ్రాసినాఁడు.

నాకు జ్ఞాపకమున్నది. అది చాలును. సెలవు.