ఫీజు లెక్క, ఏళ్ళ లెక్క

 

మన తోటివాళ్ళలో చాలామంది పిల్లలు అమెరికాలో పుట్టి పెరిగారు. సెలవులకు బెంజ్ సర్కిల్ వచ్చినప్పుడు కొందరు నన్ను అడుగుతున్నారు: “అమ్మాయికి డెంటల్ సీటు వచ్చిందిరా. ఫీజంతా మిలిటరీ కడుతుందట. ఒప్పుకోమంటావా?” నేను డాక్టర్ని కాదు, ఇంజనీర్ని. లెక్క వేసి చూడటమే నాకు తెలిసిన పని.

ఆ పథకం పేరు హెల్త్ ప్రొఫెషన్స్ స్కాలర్‌షిప్ ప్రోగ్రామ్. 1972లో చట్టమైంది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ ఇస్తాయి. ట్యూషన్ ఫీజు, పుస్తకాల ఖర్చు వాళ్ళే భరించి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు వర్తించదు. నాలుగేళ్ళు చదివిస్తే నాలుగేళ్ళు యూనిఫాంలో పనిచేయాలి.

మన దేశంలో పద్ధతి వేరు. పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ చదివించేది ఎంబీబీఎస్, బీడీఎస్ కాదు. ఆర్మీ డెంటల్ కోర్‌లో చేరాలంటే ముందు మన డబ్బుతో బీడీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. తర్వాతే షార్ట్ సర్వీస్ కమిషన్. అంటే ఇక్కడ పిల్లలు చదువు ముగిశాక నిర్ణయించుకుంటారు. అక్కడ చదువు మొదలుకాకముందే సంతకం పెట్టాలి.

చిక్కు స్పెషాలిటీ దగ్గర వస్తుంది. పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిక్స్ గానీ, దవడ ఆపరేషన్లు చేసే ఓరల్ సర్జరీ గానీ మిలిటరీలోనే నేర్చుకోవచ్చు, జీతమూ వస్తుంది. కానీ ఎవరికి ఏ సీటు అన్నది వాళ్ళ అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆ శిక్షణ ఏళ్ళు పాత బాకీ కింద జమ కావు. శిక్షణకు మళ్ళీ వేరే బాధ్యత ఉంటుంది. రెండు బాకీలూ కలిసి తీరతాయా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది రిక్రూటర్ మాటల్లో కాదు, ఒప్పంద పత్రంలో చదవండి.

బ్యాంకు అప్పు భారమే, కాదనను. కానీ చేతికి డబ్బొస్తే ముందే తీర్చేయొచ్చు. ఏళ్ళను అలా తీర్చలేం. పెళ్ళి, పిల్లలు, పోస్టింగు అన్నీ ఆ ఏళ్ళలోనే వస్తాయి.

అందుకే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి: “ఫీజు నేనే కడితే, అప్పుడూ యూనిఫాం వేసుకుంటావా తల్లీ?” అవునంటే ఇంతకంటే మంచి స్కాలర్‌షిప్ లేదు, సంతోషంగా పంపండి. తటపటాయిస్తే అప్పే నయం. మన భయం తీరడానికి వాళ్ళ వయసు తాకట్టు పెట్టకూడదు.