అడవిలో నేర్చుకొను వైర్‌లెస్ విద్య
(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇత్తురని మీకు మేము చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు పెరిగినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. అట్టి దినములలో ముందు కరెంటు పోవును, తరువాత సెల్ టవరు బ్యాటరీ దిగిపోవును, చివరకు ఫోను మూగబోవును. భద్రాచలములో హెచ్చరిక వెలువడినను వాగుకు ఆవలనున్న గూడెమునకు ఆ మాట చేరదు. తీగ లేకుండ మాటను చేర్చు విద్యనే విశ్వవిద్యాలయములలో వైర్‌లెస్ ఇంజనీరింగు పేరిట బోధింతురు. మేము ఆ బోధకులము. దానిని ఎట్లు బోధింపవలెనో మీ గ్రామములలోనే మాకు తెలిసివచ్చినది.

నల్లబల్లపై సంకేతము ఎన్నడును తప్పిపోదు. సూత్రము వ్రాసిన చాలును, ఆవలి ఒడ్డున వినబడును! ఒక వర్షాకాలమున విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ అడవి అంచునకు వచ్చితిమి. ప్రయోగశాలలో చక్కగా పలికిన సెట్టు ఇచ్చట పలుకలేదు. పిల్లలు పుస్తకములు తిరగవేసిరి, యంత్రమును అనుమానించిరి. రెండు గంటలు గడచిన పిదప, ఏరియల్‌కు తీగ కలియు కనెక్టరులో వాననీరు చేరినదని ఒక విద్యార్థిని కనిపెట్టినది. తుడిచి, ఆరబెట్టి, టేపు చుట్టినంతనే సెట్టు పలికినది. పరీక్షలో వ్రాసినది ఆమె మరచిన మరచును గాని, ఆ నీటి చుక్కను మరువదు.

ఏరియల్‌ను కూడ వారిచేతనే కోయించుచున్నాము. 7 మెగాహెర్ట్జులకు సుమారు 20 మీటర్ల తీగ కావలెను. 144 మెగాహెర్ట్జులకు ఒక మీటరు చాలును. మొదటి తరంగము ఆకాశమున మిక్కిలి ఎత్తుననున్న విద్యుత్ పొరను తాకి నేలకు మరలివచ్చును గనుక దానికి కొండ అడ్డుకాదు. రెండవది దాదాపు చూపు సాగినంత మేరకే పోవును. 16 మీటర్ల స్తంభము నెక్కించినచో చదునైన నేలపై అది సుమారు 16 కిలోమీటర్లు. పాపికొండల వైపు చదును నేల ఎక్కడిది? ఇక సెల్ ఫోను తరంగములు ఇంకను పొట్టివి. తడిసిన ఆకులు వానిని మ్రింగును. టేకు ఆకు రాలిన వేసవిలో దొరకిన సిగ్నల్ శ్రావణమున దొరకకపోవుటకు ఇదియొక కారణము.

ఏ బండపై నిలిచిన ఫోను మ్రోగునో, ఏ ఇప్పచెట్టు దాటిన మ్రోగదో మీ పశువుల కాపరికి తెలియును. మా విద్యార్థులు మీటరుతో కొలిచి పటము గీసిరి. కాపరి చూపిన చోట్లు పటముతో చాలవరకు సరిపోయినవి. మాకు కొంత సిగ్గు, ఎక్కువ సంతోషము కలిగినవి.

ఇది క్రొత్త పద్ధతి కాదు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు జగదీశ్ చంద్ర బోసు, తాను తయారుచేయించుకొన్న పరికరములతో 1895లో గోడల గుండా తరంగములను పంపి గంట మ్రోగించెను. 2023 అక్టోబరులో దేశమున 100 విద్యాసంస్థలకు 5జీ ప్రయోగశాలలు కేటాయింపబడినవి. మంచిదే. అయితే గదిలోని యంత్రముపై వాన కురియదు గదా.

మీ నుండి మేము ధనము కోరుటలేదు. పంచాయతీ కార్యాలయపు డాబాపై స్తంభము నిలుపుటకు తీర్మానము, విద్యార్థులకు రెండు రాత్రుల వసతి, త్రోవ తెలిసిన ఒక యువకుడు చాలును. ఒక్క హెచ్చరిక: ప్రసారము చేయుటకు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉండవలెను, మేము వెళ్లిన పిదప ఎవరును తమంత తాము సెట్టుపై మాటలాడరాదు. పన్నెండేండ్లు నిండినవారు అమెచ్యూరు రేడియో పరీక్షకు కూర్చుండవచ్చును. మీ యువకులలో ఇరువురిని ముగ్గురిని సిద్ధము చేయుటకు మేము ఒప్పుకొనుచున్నాము. సౌర ఫలకమును తుడిచి, బ్యాటరీని కనిపెట్టి ఉండుట మాత్రము పంచాయతీ పని.

వానలకు ముందే రాదలచితిమి. మొదట ఏ గూడెమునకు రావలెనో మీరే నిర్ణయించి తెలుపుడు.