కాచిగూడ స్టేషన్‌కు పైసలు ఎవరియి?



కాచిగూడ స్టేషన్ గుమ్మటాల గురించి అందరూ చెప్తరు. 1916ల, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంల కట్టిండ్రు. పరదా పాటించే ఆడవాళ్లు రైలెక్కేందుకు వేరే ఏర్పాటు ఉండె. అందంగనే ఉంటది. కానీ మనం అడగవలసిన మాట ఇంకొకటున్నది. ఈ రైలుకు పైసలు ఎవరియి?

1874ల వాడి నుంచి సికింద్రాబాద్ దాకా పట్టాలు పడ్డయి. కంటోన్మెంటును బొంబాయి–మద్రాసు లైనుకు కలపాలన్నది ఇంగ్లీషోళ్ల అవసరం. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే కదా! తర్వాత 1883ల ఆ రైల్వేను లండన్ కంపెనీకి అప్పజెప్పిండ్రు. దాని పేరే ‘గ్యారంటీడ్’ రైల్వే. గ్యారంటీ ఎవరికి? ప్రయాణికునికి కాదు, షేర్లు కొన్నోనికి. రైలుకు లాభం రాకున్నా వానికి వడ్డీ ముట్టాలె, తక్కువబడ్డది మన సర్కారు పూడ్చాలె.

అప్పుడే, చాందా దాకా లైను పొడిగించే పథకం మీద హైదరాబాదుల లొల్లి లేసింది. షరతులేందో ప్రజలకు చెప్పమని అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి వాళ్లు అడిగిండ్రు. అడిగినందుకు అఘోరనాథ్‌ను 1883ల రాజ్యం నుంచే వెళ్లగొట్టిండ్రు. ఆయన బెంగాలీ, సరోజినీ నాయుడు తండ్రి. ఈ గడ్డ పైసకు లెక్క అడిగినోడు మనోడే. మన బళ్ల పుస్తకాలల్ల ఆయన పేరు ఎంతమంది చదివిండ్రు?

1930ల నిజాం సర్కారు ఆ రైల్వేను కంపెనీ నుంచి కొన్నది. అంటే సొంత రైలును మళ్ల సొంత పైసలతోనే కొనుక్కున్నం. 1932ల బస్సులు నడిపింది కూడ ఆ రైల్వే శాఖే. ఆర్టీసీ అన్నలకు ఇది తెలిసిన ముచ్చటే. 1950ల అంతా కేంద్రం చేతికి పోయింది.

2011 అక్టోబర్ల, సకల జనుల సమ్మె నాడు, ఈ పట్టాల మీదనే మనం కూసున్నం. 2014ల రాష్ట్రం వచ్చింది. కానీ 2025ల సికింద్రాబాద్ స్టేషన్ పాత కట్టడాన్ని కూలగొడ్తుంటే, ఫోన్లల్ల ఫొటోలు తీసుకొనుడు తప్ప మనం చేసిందేంది? కొత్త స్టేషన్ వద్దని మేం అంటలేం. జనం పెరిగిండ్రు, ప్లాట్‌ఫారాలు సాలయి.

కాచిగూడల ఏ పని మొదలుపెట్టినా 1916 నాటి కట్టడం జోలికి రావద్దని మేం అడుగుతున్నం. దాని ముందర, తెలుగుల, ఉర్దూల ఒక బోర్డు పెట్టాలె. అందుల గుమ్మటాల సంగతితో పాటు 1883 సంగతి కూడ రాయాలె. అర్జీ తయారుగున్నది. ఉద్యోగ సంఘాలు, విద్యార్థులు ఇయ్యాల్నే సంతకాలు పెట్టిపోండ్రి.