పాత డబ్బాకు కొత్త బోర్డు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో జిరాక్సు, డీటీపీ షాపులు నడిపేవారికి ఈ మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి; పాత బోర్డుల్లో చాలావాటికి అది ఉండదు. అందుకని మదర్‌బోర్డు మార్చాలనుకుంటే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు బస్సెక్కే ముందు పాత ర్యామ్ చూసుకోండి. అది డీడీఆర్3 అయితే కొత్త బోర్డులో పట్టదు. ర్యామ్, ప్రాసెసర్ కూడా కొనాల్సిందే. చవక బోర్డని మురిసిపోతే అక్కడే జేబుకు చిల్లు.

డీడీఆర్4 ఉంటే ఏఎండీ ప్రాసెసర్లు పట్టే ఏఎం4 బోర్డు మేలు. 2018 నాటి బీ450 బోర్డు కూడా బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 ప్రాసెసర్లను నడుపుతుంది. ఆ అప్‌డేట్ దుకాణంలోనే చేయించుకోండి. పెద్ద ప్రాసెసర్ పెట్టేవారు, దానికి కరెంటు సర్దే వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ ఉందో లేదో చూడాలి. మన ఎండలకు, అది లేని బోర్డు నేనైతే వద్దంటాను. రంగుల లైట్లా? వాటికి పైసా పెట్టకండి. ఎస్‌ఎస్‌డీకి ఎం.2 స్లాటు ఒకటి, ర్యామ్‌కు రెండు స్లాట్లు చాలు.